ముందు పేపర్ చదవండి: నియామక, ప్రమోషన్ కమిటీల సభ్యులకు బహిరంగ లేఖ

నమస్కారం.

విశ్వవిద్యాలయాల్లో, పరిశోధన సంస్థల్లో ఎవరికి ఉద్యోగం ఇవ్వాలో, ఎవరికి ప్రమోషన్ ఇవ్వాలో, ఎవరి ప్రాజెక్టుకు డబ్బు మంజూరు చేయాలో తేల్చేది మీరు. అందుకే ఈ ఉత్తరం జర్నళ్లకో పబ్లిషర్లకో రాయకుండా మీకు రాస్తున్నాను. పరిశోధనలో మోసాల గురించి మాట వచ్చినప్పుడల్లా అందరూ వేలెత్తి చూపేది వాళ్లనే, అందులో అన్యాయమేమీ లేదు, వాళ్లు చేసిన తప్పులు చాలానే ఉన్నాయి, వాటి సంగతీ కింద రాస్తాను. కానీ ఏ దొంగ పరిశోధన పేపరైనా చివరికి వచ్చి చేరేది మీ టేబుల్ మీదికే. అక్కడ దానికి విలువ కట్టకపోతే దాన్ని కొనేవాళ్లు ఉండరు, కొనేవాళ్లు లేకపోతే తయారుచేసేవాళ్లూ ఉండరు. మిమ్మల్ని అడిగేది ఒక్కటే: అభ్యర్థి రాసిన పేపర్లను చదివి నిర్ణయం తీసుకోండి. పేపర్ల సంఖ్య, జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (జర్నల్‌కు కట్టే సైటేషన్ల సగటు), మొత్తం సైటేషన్లు (ఇతరులు తమ పేపర్లలో ఉదహరించిన సార్లు), హెచ్-ఇండెక్స్ (మనిషికి కట్టే సైటేషన్ల అంకె) అడిగే నాలుగు గళ్లనూ మీ దరఖాస్తు ఫారం నుంచి తీసేయండి.

మీరు ఇది మొదటిసారి వినడం లేదని తెలుసు. 2012 డిసెంబరులో శాన్ ఫ్రాన్సిస్కోలో అమెరికన్ సొసైటీ ఫర్ సెల్ బయాలజీ వార్షిక సమావేశం జరుగుతున్నప్పుడు కొందరు ఎడిటర్లు, పబ్లిషర్లు కూర్చుని ఒక ప్రకటన మొదలుపెట్టారు, 2013 మేలో అది బయటికొచ్చింది. డోరా అని అందరూ అంటున్నది దాన్నే. ఒక వ్యక్తి పనిని అంచనా వేయడానికి జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ వాడొద్దన్నది అందులో మొట్టమొదటి సిఫారసు. 2015లో లైడెన్ మ్యానిఫెస్టో పది సూత్రాలుగా ఇంకా వివరంగా చెప్పింది. ఎన్నో సంస్థలు డోరా మీద సంతకాలు చేశాయి, వెబ్‌సైట్లలో ఆ ముక్క గర్వంగా పెట్టుకున్నాయి. ఇంత జరిగాక కూడా, ప్రతి పేపర్ పక్కన ఇంపాక్ట్ ఫ్యాక్టర్ మూడు దశాంశ స్థానాల వరకూ రాయమని అడిగే ఫారాలు నేను ఇప్పటికీ నింపుతూనే ఉన్నాను, ఇంకొకరి కోసం నిపుణుల అభిప్రాయం రాయమన్నప్పుడు అవే ఫారాలు నాకూ వస్తున్నాయి.

ఈ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ గురించి కమిటీల్లో మాట్లాడే తీరు వింటే అదేదో భౌతిక శాస్త్ర నియమం అనిపిస్తుంది, కాబట్టి అది ఎందుకు పుట్టిందో కొంచెం చెప్పాలి. యూజీన్ గార్ఫీల్డ్ 1955లో సైన్స్ పత్రికలో ఒక వ్యాసం రాశారు, ఒక పేపర్‌ను ఆ తర్వాత ఎవరెవరు ఉదహరించారో చూపించే సూచిక ఉంటే పరిశోధకులకు ఎంత మేలో అందులో వివరించారు. 1964లో సైన్స్ సైటేషన్ ఇండెక్స్ వచ్చింది. దానిలో ఏ జర్నళ్లను చేర్చాలి అన్న ప్రశ్నకు ఆయనా ఇర్వింగ్ షేర్ కలిసి కట్టిన లెక్క ఇది. 1975లో జర్నల్ సైటేషన్ రిపోర్ట్స్ మొదలయ్యాక, ఏ జర్నల్‌కు చందా కట్టాలో దేన్ని మానుకోవాలో తేల్చుకోవడానికి లైబ్రరీల వాళ్లకూ పనికొచ్చింది. అంతవరకు ఏ పేచీ లేదు. జర్నళ్లను పోల్చే ఈ లెక్కతో మనుషుల్ని తూచాలని ఎవరూ ఎక్కడా తీర్మానం చేయలేదు, కమిటీ తర్వాత కమిటీ వాడుకుంటూ పోయింది, అలా అలవాటైపోయింది.

లెక్క చిన్నదే. ఒక జర్నల్ 2022, 2023 సంవత్సరాల్లో ప్రచురించిన వాటికి 2024లో వచ్చిన సైటేషన్లన్నీ కూడి, ఆ రెండేళ్లలో వేసిన పరిశోధన పత్రాలు, సమీక్షా వ్యాసాల సంఖ్యతో భాగిస్తే 2024 ఇంపాక్ట్ ఫ్యాక్టర్ వస్తుంది. ఇందులో ఒక తిరకాసు ఉంది: పైన కూడే సైటేషన్లలో సంపాదకీయాలకూ ఎడిటర్‌కు వచ్చిన ఉత్తరాలకూ వచ్చినవి కలుస్తాయి, కింద భాగించే సంఖ్యలో మాత్రం సంపాదకీయాలనూ ఉత్తరాలనూ లెక్కపెట్టరు. కాబట్టి ఒక్క మంచి పరిశోధన అదనంగా వేయకుండానే ఈ అంకెను పెంచుకునే దారి జర్నళ్లకు దొరికింది, కొన్ని ఆ దారిలో నడిచాయి కూడా. ఇంకో సంగతి, ఇది సగటు. సైటేషన్లు సగటుకు లొంగే రకం కావు, కొద్దిపాటి పేపర్లకు వందలూ వేలూ వస్తాయి, మిగతా వాటికి అరకొరగా వస్తాయి.

ఇది ఎంత దూరం పోతుందో ఆక్టా క్రిస్టలోగ్రాఫికా ఎ విభాగం చూస్తే అర్థమవుతుంది. స్ఫటికాల నిర్మాణ శాస్త్రంలో పేరున్న జర్నల్, 2008లో దాని ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 2.051. మరుసటి ఏడాది 49.926. 2010లో 54 దాటింది. 2011లో మళ్లీ 2 దగ్గరికి పడిపోయింది. ఎడిటర్లు మోసమేమీ చేయలేదు. జార్జ్ షెల్డ్రిక్ తను రాసిన షెల్ఎక్స్ సాఫ్ట్‌వేర్ చరిత్రను 2008లో ఆ జర్నల్‌లో ఒక వ్యాసంగా వేశారు, ఈ సాఫ్ట్‌వేర్ వాడినవాళ్లు ఈ వ్యాసాన్ని ఉదహరించవచ్చని అందులోనే రాశారు. చిన్న అణువుల స్ఫటికాల మీద పనిచేసే వాళ్లలో ఆ సాఫ్ట్‌వేర్ ముట్టనివాళ్లు అరుదు, దాంతో సైటేషన్లు వేలల్లో వచ్చి పడ్డాయి. లెక్కలోకి వచ్చేది ముందు రెండేళ్ల పేపర్లే కాబట్టి 2009, 2010లలో ఆ వ్యాసం లెక్కలో ఉంది, 2011లో లేదు. ఇప్పుడు 2010లో మీ ముందు కూర్చున్న ఒక అభ్యర్థిని ఊహించుకోండి. అదే జర్నల్‌లో అంతకుముందు ఏడాది ఆ అమ్మాయి వేసిన పేపర్‌కూ షెల్డ్రిక్ వ్యాసానికీ సంబంధమే లేదు. ఆమె పక్కన 49.926 అని రాసి ఉంటే మీరు ఆమెను ఒకలా చూస్తారు, అదే పేపర్ రెండేళ్లు ఆలస్యంగా వచ్చి ఉంటే ఇంకోలా చూస్తారు. వాపును చూసి బలుపు అనుకోవడమంటే ఇదే.

ఇది అరుదైన ఉదాహరణ అని కొట్టిపారేయకండి, పెద్ద జర్నళ్లలో రోజూ జరిగేది చిన్న మోతాదులో ఇదే. 2016లో విన్సెంట్ లారివియేర్, ఆయన సహచరులు కొన్ని ప్రముఖ జర్నళ్ల సైటేషన్ల పంపకాన్ని బయటపెట్టారు. నేచర్, సైన్స్ లాంటి వాటిలో కూడా సుమారు నాలుగింట మూడు వంతుల పేపర్లకు ఆ జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ కన్నా తక్కువ సైటేషన్లు వచ్చాయి. అంటే ఆ అంకెను చూసి అభ్యర్థి పేపర్ ఎలాంటిదో ఊహిస్తే నాలుగింట మూడుసార్లు మీ ఊహ పేపర్ స్థాయిని మించిపోతుంది.

సరే, జర్నల్ అంకె వద్దు, ఆ మనిషికే వచ్చిన సైటేషన్లు చూస్తామంటారు. 2005లో హోర్హే హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త హెచ్-ఇండెక్స్ తెచ్చింది అందుకే. కనీసం 20 చొప్పున సైటేషన్లు వచ్చిన పేపర్లు 20 ఉంటే ఆ మనిషి హెచ్ 20. ఈ అంకెకు తగ్గడం తెలియదు, పని మానేసి కూర్చున్నా పెరగగలదు. ఒక శాఖలో మామూలు అయిన అంకె ఇంకో శాఖలో ఆకాశం. రెండే రెండు పేపర్లు రాసి రెండూ రంగాన్నే మార్చేసినవాడి హెచ్ 2 దగ్గరే ఆగిపోతుంది, పెద్ద ల్యాబ్‌లో యాభైమంది రచయితల జాబితాలో పేరు కలుపుకుంటూ వచ్చినవాడిది పరుగులు పెడుతుంది. ఇది తీవ్రమైన చెడు ఫలితాలకు కూడా దారితీయగలదని హిర్షే 2020లో రాశారు. ఇక సైటేషన్లంటే గొప్పతనానికి కొలమానం అనుకునేవాళ్లు నేచర్ 2014లో వేసిన అత్యధిక సైటేషన్ల వంద పేపర్ల జాబితా చూడాలి. మొదటి స్థానంలో ఉన్నది 1951లో ఆలివర్ లోరీ బృందం రాసిన, ప్రొటీన్ ఎంతుందో కొలిచే పద్ధతి, 3 లక్షలకు పైగా సైటేషన్లతో. ఎంతో ఉపయోగపడిన పేపర్, దాని విలువ దానిది. కానీ డీఎన్‌ఏ జంట సర్పిలాన్ని చెప్పిన 1953 పేపర్‌కు ఆ వందలో చోటే లేదు.

ఇక్కడివరకు చెప్పింది కొలత సరిగ్గా లేదని. నన్ను ఎక్కువ బాధపెట్టేది దీని తర్వాత జరిగేది. ఏ కొలతనైనా లక్ష్యంగా పెట్టిన రోజునుంచి అది కొలతగా పనికిరాకుండా పోతుందన్న సంగతి, ఆర్థిక శాస్త్రంలో చార్లెస్ గుడ్‌హార్ట్ 1975లో చెప్పినప్పటినుంచీ అందరికీ తెలిసిందే. మీరు పేపర్లు లెక్కపెడతారని తెలిశాక ఒక పనిని నాలుగు ముక్కలు చేసి నాలుగు పేపర్లుగా వేస్తారు. సైటేషన్లు లెక్కపెడతారని తెలిశాక ఒకరినొకరు ఉదహరించుకునే ముఠాలు పుడతాయి. మీ పేపర్ బాగానే ఉంది గానీ ఫలానా ఆరు పేపర్లు కూడా ఉదహరిస్తే బాగుంటుందని, ప్రచురణకు ముందు పేపర్‌ను పరిశీలించే రివ్యూయర్లు తమ రిపోర్టులో రాస్తారు, ఆ ఆరూ ఒకే మనిషివి, పేపర్ విషయానికీ వాటికీ ఏ పొంతనా ఉండదు, రచయిత పీహెచ్‌డీ గడువు దగ్గర పడుతున్న టెన్షన్‌లో నోరు మూసుకుని ఆరూ చేర్చేస్తాడు. ఇలాంటి రిపోర్టులు నా విద్యార్థులకూ వచ్చాయి, మేం వాటిని చేర్చకుండా ఎడిటర్‌కు రాశాం, జవాబు రాలేదు. క్లారివేట్ సంస్థ ఏటా ప్రకటించే అత్యధిక సైటేషన్ల పరిశోధకుల జాబితానుంచి 2023లో గణితాన్ని మొత్తంగా తీసేసింది, ఆ విభాగంలో సైటేషన్లను ఎక్కించుకునే వ్యవహారం అంత ముదిరింది. ఒక శాస్త్రం మొత్తాన్ని జాబితానుంచి తప్పించాల్సి వచ్చిందంటే ఆ అంకెల మీద మీరు పెట్టుకున్న నమ్మకం గురించి ఆలోచించాలి కదా.

పేపర్ మిల్లుల సంగతి దీనికి పరాకాష్ఠ. డబ్బు కడితే పేపర్ రాసిపెట్టి, డేటా పుట్టించి, బొమ్మలు అతికించి, జర్నల్‌లో ఒప్పించి ఇచ్చే దుకాణాలివి. రచయితల జాబితాలో చోటు అమ్ముతారు, మొదటి పేరుకు ఒక రేటు, మూడో పేరుకు ఒక రేటు. కొనేవాళ్లలో ప్రమోషన్‌కు పేపర్ తప్పనిసరి అన్న నిబంధన కింద నలిగే డాక్టర్లున్నారు, రోజంతా రోగుల్ని చూసే వాళ్లు, పరిశోధనకు సమయం గానీ ల్యాబ్ గానీ లేనివాళ్లు. వాళ్లు చేసింది తప్పే, దాన్ని సమర్థించను. ఆ నిబంధన రాసినవాళ్లకు మాత్రం ఇందులో ఏ భాగమూ లేదా? వైలీ సంస్థ 2021లో దాదాపు 30 కోట్ల డాలర్లు పెట్టి హిందావి అనే పబ్లిషర్‌ను కొంది, ఆ జర్నళ్ల ప్రత్యేక సంచికల్లోకి మిల్లుల పేపర్లు గుంపులుగా చొరబడ్డాయని బయటపడ్డాక ఒక్క 2023లోనే 8,000కు పైగా పేపర్లను వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ఆ ఏడాది ప్రపంచం మొత్తం మీద వెనక్కి తీసుకున్న పేపర్లు 10,000 దాటాయి. ఇందులో ప్రతి పేపర్‌నూ ఎవరో ఒకరు తమ ఫారంలో రాసుకునే ఉంటారు, ఏదో ఒక కమిటీ దానికి పాయింట్లు వేసే ఉంటుంది. తిలాపాపం తలా పిడికెడు.

వీటిని పట్టుకోవడం అంత కష్టమా అంటే, చాలా వాటి విషయంలో చదివితే చాలు. గియోమ్ కబానాక్, సిరిల్ లాబే, అలెగ్జాండర్ మగజినోవ్ 2021లో ఒక సంగతి బయటపెట్టారు. కాపీ పట్టుకునే సాఫ్ట్‌వేర్‌ను తప్పించుకోవడానికి మాటలన్నిటికీ పర్యాయపదాలు పెట్టేస్తున్నారు, దాంతో ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ అని ఉండాల్సిన చోట కౌంటర్‌ఫీట్ కాన్షస్‌నెస్ (నకిలీ స్పృహ) అనీ, బ్రెస్ట్ క్యాన్సర్ అని ఉండాల్సిన చోట బూజమ్ పెరిల్ (రొమ్ము ప్రమాదం) అనీ అచ్చయ్యాయి. ఆ రంగంలో పనిచేసే ఎవరైనా ఒక పేరా చదివితే ఆగిపోతారు. రివ్యూయర్, ఎడిటర్, తర్వాత కమిటీ, ఇంతమంది చేతులు మారినా ఎవరూ ఆగలేదంటే ఎవరూ చదవలేదనే అర్థం.

పీర్ రివ్యూ, అంటే తోటి నిపుణుల పరిశీలన, అయ్యాకే కదా వచ్చింది, మళ్లీ మేం చదవడం ఎందుకని కొందరు అంటారు. రివ్యూ చేసేది నాలాంటి వాళ్లమే, జీతం లేకుండా, రాత్రిళ్లు, ఇచ్చిన డేటా నిజమేనన్న నమ్మకంతో. మేం తర్కాన్ని చూడగలం, పద్ధతిని చూడగలం, ఎవరైనా అబద్ధం పుట్టించి పంపితే చాలాసార్లు పట్టుకోలేం. యాన్ హెండ్రిక్ షోన్ అనే భౌతిక శాస్త్రవేత్త అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో ఉన్నప్పుడు 2001లో సగటున ఎనిమిది రోజులకో పేపర్ రాశాడు, సైన్స్, నేచర్‌లలోనే బోలెడు. ప్రైజులు వచ్చాయి. అంకెలు చూసే ఏ కమిటీకైనా అతను బంగారమే. 2002లో బయటి భౌతిక శాస్త్రవేత్తలు కొందరు అతని రెండు పేపర్లలోని గ్రాఫులు పక్కపక్కన పెట్టి చూశారు. వేరే వేరే ప్రయోగాలు, కానీ గీత మీద కనిపించే చిన్న చిన్న వణుకులు, నాయిస్ అంటామే, అది రెండింటిలోనూ అచ్చుగుద్దినట్టు ఒకటే. నాయిస్ అన్నది ఏ రెండు కొలతల్లోనూ ఒకేలా రాదు. అక్కడినుంచి అంతా కూలిపోయింది, విచారణ కమిటీ 24 ఆరోపణల్లో 16 నిజమని తేల్చింది. ఎనిమిది రోజులకో పేపర్ అన్న అంకె ఎవరికీ అనుమానం తెప్పించకపోగా అతన్ని ఇంకా పైకెత్తింది, పట్టించింది మాత్రం రెండు గ్రాఫులను ఓపిగ్గా చూసిన కళ్లు. ఎలిసబెత్ బిక్ అనే సూక్ష్మజీవ శాస్త్రవేత్త కూడా అదే చేశారు. ఇద్దరు సహచరులతో కలిసి 20,621 పేపర్లలోని బొమ్మలు చూసి, 3.8 శాతంలో ఒకే బొమ్మను అనుచితంగా మళ్లీ వాడారని 2016లో చూపించారు. ఇంత పని కళ్లతో చేశారు.

మంచి జర్నల్ పేరు ఉంటే చాలనుకునేవాళ్ల కోసం ఇంకొక్కటి. 2020 మే 22న లాన్సెట్ అనే వైద్య జర్నల్‌లో, కోవిడ్ రోగులకు హైడ్రాక్సీక్లోరోక్విన్ మందు ప్రమాదమని ఒక పేపర్ వచ్చింది, 671 ఆసుపత్రులు, 96,000 మంది రోగుల డేటా అని. మూడు రోజుల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన పరీక్షల్లో ఆ మందు భాగాన్ని ఆపింది. పేపర్ చదివిన వాళ్లకు ఆస్ట్రేలియా అంకె దగ్గర కాలు ఆగింది: ఏప్రిల్ 21 నాటికి అక్కడి ఆసుపత్రుల్లో 73 మంది చనిపోయారని అందులో ఉంది, ఆ తేదీకి దేశం మొత్తంలో నమోదైన కోవిడ్ మరణాలే 67. అలా తీగ లాగితే డొంకంతా కదిలింది, డేటా ఇచ్చిన సర్జిస్ఫియర్ అనే కంపెనీ దాన్ని ఎవరికీ చూపించలేదు, జూన్ 4న పేపర్ వెనక్కి పోయింది. మందు పనిచేయదన్నది తర్వాత సరైన పరీక్షల్లో తేలింది, అది వేరే విషయం. అదే లాన్సెట్‌లో 1998లో 12 మంది పిల్లల మీద వేక్‌ఫీల్డ్ అనే డాక్టర్ రాసిన పేపర్ టీకాలంటే జనానికి భయం పుట్టించింది, దాన్ని పూర్తిగా వెనక్కి తీసుకునేసరికి 2010 వచ్చింది. ఆ పన్నెండేళ్లలో టీకా వేయించని పిల్లలకు వచ్చిన తట్టు ఏ హెచ్-ఇండెక్స్‌లోనూ కనబడదు.

మీ ఫారం దొంగలకు తలుపు తీస్తుందన్నది సగమే, నిజాయితీగా పనిచేసేవాళ్లను అదే ఫారం బయటికి నెడుతుంది. కాటలిన్ కారికోకు, తర్వాత కోవిడ్ టీకాలకు ఆధారమైన ఎంఆర్‌ఎన్‌ఏ పనికి గ్రాంట్లు రాక 1995లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో హోదా తగ్గించారు, 2023లో అదే పనికి నోబెల్ వచ్చింది. 1964 తర్వాత పది పేపర్లు కూడా రాయని భౌతిక శాస్త్రవేత్త పీటర్ హిగ్స్, నేటి విశ్వవిద్యాలయాల్లో తనకు ఉద్యోగమే దొరకదని 2013లో, నోబెల్ వచ్చిన ఏడాదే, చెప్పారు. వీళ్లు నిలబడ్డారు కాబట్టి పేర్లు తెలుసు. నిలబడలేక వెళ్లిపోయిన వాళ్ల పేర్లు మనకు ఎప్పటికీ తెలియవు.

ఫ్రాన్సిస్ ఆర్నాల్డ్ 2020 జనవరిలో, రసాయన శాస్త్రంలో నోబెల్ వచ్చిన రెండేళ్లలోపే, సైన్స్‌లో వేసిన తన పేపర్‌ను తానే వెనక్కి తీసుకున్నారు. ఫలితం మళ్లీ రాబట్టలేకపోయామని, తాను సరిగ్గా చూసుకోలేదని అందరి ముందూ చెప్పారు. అందరూ మెచ్చుకున్నారు. పీహెచ్‌డీ అయ్యాక తాత్కాలిక ఉద్యోగంలో ఉన్న ఒక పోస్ట్‌డాక్ అదే పని చేస్తే మీరు ఏం చేస్తారు? మీ ఫారంలో ఆ పేపర్ తీసేయాలి, అంకె ఒకటి తగ్గుతుంది, పైగా రిట్రాక్షన్ (పేపర్ వెనక్కి తీసుకోవడం) అన్న మచ్చ. తప్పు కనిపెట్టి కూడా కిమ్మనకుండా ఉన్నవాడు ఒక పేపర్ ఎక్కువతో మీ ముందు కూర్చుంటాడు. తన పొరపాటును తానే బయటపెట్టి సరిదిద్దిన మనిషికి మీరు ఎక్కువ విలువ ఇవ్వాలి, తక్కువ కాదు, అది ఫారంలోనే ఒక ప్రశ్నగా ఉండాలి.

పాత ప్రయోగాన్ని మళ్లీ చేసి చూసే పనికీ ఇదే గతి. 2015లో మనస్తత్వ శాస్త్రంలో వంద అధ్యయనాలను తిరిగి చేస్తే, గణాంకపరంగా గట్టి ఫలితం మళ్లీ వచ్చింది 36 శాతంలోనే, మొదటిసారి చేసినప్పుడు అది 97 శాతం. ఎందుకిలా అంటే గొప్ప ఫలితం వస్తేనే పేపర్ పడుతుంది కాబట్టి. ప్రయోగం చేయకముందే ప్రణాళికను రివ్యూ చేసి, ఫలితం ఏదైనా వేస్తామని జర్నల్ మాటిచ్చే పద్ధతి ఒకటి 2013లో మొదలైంది, రిజిస్టర్డ్ రిపోర్ట్స్ అంటారు. 2021లో ఒక పోలిక వచ్చింది: మామూలు పేపర్లలో 96 శాతం అనుకున్న ఫలితమే వచ్చిందంటే, ఈ పద్ధతిలో రాసిన వాటిలో అది 44 శాతం. రెండో అంకె నిజాయితీకి దగ్గర. కానీ ఊహించింది రాలేదని నిజం రాసిన పేపర్‌కు మీ పట్టికలో పాయింట్లు ఎన్ని?

పబ్లిషర్ల సంగతి క్లుప్తంగా. నేచర్‌లో పేపర్ అందరికీ ఉచితంగా అందుబాటులో ఉండాలంటే 9,500 యూరోలు కట్టాలని 2020లో ప్రకటించారు. రాసేది మేం, రివ్యూ చేసేది మేం, డబ్బు కట్టేదీ మేమే. 2023 ఏప్రిల్‌లో న్యూరోఇమేజ్ జర్నల్ ఎడిటర్లు 40 మందికి పైగా తమ జర్నల్ వసూలు చేసే ఇలాంటి ఫీజును తగ్గించనందుకు మూకుమ్మడిగా రాజీనామా చేసి, ఇంకో జర్నల్ పెట్టుకున్నారు. ఇలాంటి ధైర్యం ఎక్కువమందికి ఎందుకు లేదో తెలుసా? కొత్త జర్నల్‌కు ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఉండదు, అందులో పేపర్ వేసిన పీహెచ్‌డీ విద్యార్థి రేపు మీ ముందుకు రావాలి.

ఇక మీ అభ్యంతరాలు. మూడు వందల దరఖాస్తులు వస్తే ఎవరు చదువుతారు అన్నది మొదటిది. అన్నీ చదవమనడం లేదు. పరిశోధన ప్రణాళికను, విషయాన్ని బట్టి ముందు వడపోయండి, చివరి పదిమంది దగ్గరికి వచ్చాక ఒక్కొక్కరు ఎంచుకుని ఇచ్చిన మూడు నాలుగు పేపర్లు చదవండి. ఒక మనిషికి ముప్పై ఏళ్ల ఉద్యోగం ఇచ్చేముందు రెండు రోజులు కేటాయించలేమంటే ఆ కమిటీలో కూర్చోకూడదు, ఈ మాట కటువుగా ఉంటే ఉండనీయండి.

రెండోది నిజంగా బలమైన అభ్యంతరం, చాలామంది మంచివాళ్లు చెప్పేది. అంకెలు లేకపోతే పైరవీలు రాజ్యమేలతాయి, అంకె కనీసం అందరికీ ఒకటే, తెలియని ఊరినుంచి వచ్చిన పిల్లకు అదే రక్ష అని. ఈ భయం నాకు అర్థమవుతుంది, కమిటీల్లో ముందే ఖాయమైన పేర్లు నేనూ చూశాను. కానీ అంకెలున్న చోటే ఆ పేర్లు ఖాయమయ్యాయి, పలుకుబడి ఉన్నవాళ్లకు రచయితల జాబితాలో చోటు దొరకడం అందరికన్నా తేలిక. రక్ష కావాలంటే రాతపూర్వకంగా కావాలి: ఏ పేపర్ ఎవరు చదివారు, అందులో ఏం బాగుంది, ఏం బలహీనంగా ఉంది అని ప్రతి సభ్యుడూ అర పేజీ రాసి సంతకం పెట్టాలి, ఫలితం వచ్చాక అది అభ్యర్థికి ఇవ్వాలి. చదవకుండా ఆ అర పేజీ రాయడం కష్టం, రాసినా ఆ పేపర్ రాసిన మనిషికి ఇట్టే దొరికిపోతారు.

ఇది సాధ్యం కాదనడానికి లేదు. జర్మనీలో పరిశోధనకు నిధులిచ్చే డీఎఫ్‌జీ 2010లోనే దరఖాస్తుదారు జీవిత వివరాల్లో ఐదుకు మించి పేపర్లు రాయొద్దంది. అమెరికాలో వైద్య పరిశోధనకు నిధులిచ్చే ఎన్‌ఐహెచ్ ఫారంలో ఐదు వరకు తన ముఖ్యమైన కృషులను అభ్యర్థి మాటల్లో వివరించే చోటు ఉంది. చైనా ప్రభుత్వం 2020లో పేపర్లకు నగదు బహుమతులు ఆపమంది, నెదర్లాండ్స్‌లో యూట్రెక్ట్ విశ్వవిద్యాలయం 2021లో ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ను నియామకాల్లోంచి తీసేస్తామంది. అంతటా అన్నీ చక్కబడ్డాయని నేననను, మొదలైతే పెట్టారు.

కాబట్టి వచ్చే ప్రకటన వేయకముందే ఫారం మార్చండి. నాలుగు అంకెల గళ్లు తీసేసి, మీరు గర్వపడే పేపర్లు నాలుగు, వాటిలో మీరు స్వయంగా చేసిన పని ఏమిటి అని అడగండి. డేటా, కోడ్ ఎక్కడ పెట్టారో అడగండి. ఏ తప్పు సరిదిద్దారో, ఎవరి ఫలితాన్ని మళ్లీ చేసి చూశారో అడగండి. ఎంపికైనవారి పేపర్లను వెనక్కి తీసుకున్న పేపర్లను నమోదు చేసే రిట్రాక్షన్ వాచ్ డేటాబేస్‌లో వెతకండి, 2023 నుంచి క్రాస్‌రెఫ్ అనే సంస్థ దాన్ని అందరికీ ఉచితంగా ఇస్తోంది, పది నిమిషాల పని. అందులో ఒక పేరు కనబడితే అక్కడే కొట్టేయకుండా ఎవరు, ఎందుకు వెనక్కి తీసుకున్నారో చదివి, ఇంటర్వ్యూలో ఆ మనిషినే అడగండి.

ఇట్లు,
మీలాంటి కమిటీల ముందు కూర్చున్న, మీ కోసం రిపోర్టులు రాస్తున్న ఒక పరిశోధకురాలు